గోడ మూయకముందు ఒకసారి వచ్చి చూడవలెనని

శ్రీయుత ఇమారతుల ఓవర్సియరు గారి సముఖమునకు,
క్యాంపు తాండూరు.

బండమీదిపల్లె, తాండూరు తాలూకా
తేది 27-5-1959

అయ్యా,

విషయం: మా ఇంటి గోడలను పూడ్చి మూయకముందు తమరు స్వయంగా వచ్చి, లోపలి భాగాన్ని చూసి, చూసినది చూసినట్లు కాగితం మీద రాసి ఇవ్వవలసిందిగా మనవి.

బండమీదిపల్లె నివాసి, తాపీ పని చేసుకొని బతికే చంద్రప్ప కూతురు సత్యమ్మ, వికారాబాదులో తొమ్మిదవ తరగతి ముగించి సెలవులకు ఇల్లు చేరినది, తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. ఇదే విషయమై శివరాత్రి సెలవుల్లో తమ ఆఫీసుకు ఒక అర్జీ పంపుకొని ఉన్నాను. అప్పుడు నాకు మాటల మీద కొత్త మోజు. గోడను 'భిత్తి' అని, రాయిని 'పాషాణము' అని, గోడ లోపలి భాగాన్ని 'గర్భము' అని రాశాను. అది చదివినవారు ఏదో గుడి జీర్ణోద్ధరణకు సంబంధించినదనుకొని వేరే శాఖకు పంపినారట. ఆ శాఖవారు కొన్నాళ్లు ఉంచుకొని, 'ఏ దేవుని గుడియో తెలుపవలెను' అని మాకు జాబు రాశారు. ఆ జాబును మా నాయన రెండుసార్లు చదివించుకొని, "గోడ చూడమంటే దేవుణ్ణి అడుగుతున్నరేంది బిడ్డా?" అన్నాడు. తప్పు నాది. ఈసారి గోడను గోడ అనే రాస్తున్నాను.

2. మా వైపు రాతి గోడ ఎట్లా ఉంటుందో తమకు చెప్పనవసరం లేదు. అయినా ఈ కాగితం ఇంకొకరి బల్ల మీదికి పోవచ్చును కనుక రాస్తున్నాను. గోడకు రెండు ముఖాలు ఉంటాయి. బయటికి ఒక రాతి వరస, ఇంట్లోకి ఒక రాతి వరస. రెండింటి నడుమ జానెడు సందు. ఆ సందులో రాతి ముక్కలు, తడిపిన మట్టి వేసి, కుక్కి మూస్తారు. వాన నీరు దిగితే ఆ మట్టి ఉబ్బుతుంది. ఉబ్బినప్పుడు రెండు ముఖాలు విడిపోకుండా, అక్కడక్కడ ఒక పొడుగు రాయిని ఈ ముఖం నుండి ఆ ముఖం దాకా అడ్డంగా వేయాలి. రెండింటినీ పట్టి ఉంచుతుంది కనుక మా ఇంట్లో దానిని పట్టురాయి అంటారు.

గోడ మూసిన తరువాత బయట నిలబడి చూసేవారికి పట్టురాయి కొస ఎంత కనపడుతుందో, పొట్టిరాయి కొస కూడా అంతే కనపడుతుంది. పొట్టిరాళ్లు కాలికి తగిలినంత దొరుకుతాయి. పొడుగు రాయిని గనిలో వెదకాలి, మోసుకురావాలి, కొసలు చెక్కాలి. తొందరలో ఉన్నవాడు ఆ పని మానుకున్నా గోడ ఎవరితోనూ చెప్పదు. వాన వచ్చినప్పుడు చెపుతుంది.

3. రెండేళ్ల కిందట తాండూరులో షావుకారు సోమేశ్వర్ గారి కొత్త ఇంటిని మా నాయన కట్టాడు. ఆయనతోపాటు మొగులప్ప అనే మరొక తాపీవాడు, ఇంకా కొందరు కూలీలు పని చేశారు. గృహప్రవేశానికి ముహూర్తం ముందే పెట్టుకున్నారు. పని ఆ ముహూర్తానికి అందింది. ఇల్లు చూసినవారందరూ గోడలు అద్దంలాగా ఉన్నాయని మెచ్చుకున్నారట. షావుకారు గారు మా నాయనకు పంచె, కండువా పెట్టారు.

ఆ శ్రావణంలో ముసురు పట్టింది. వంటింటి వెనుక గోడ బయటి ముఖం ఉబ్బి బయటికి ఒరిగింది. దాని వెంట లోపలి ముఖం ఇంట్లోకి పడింది. ఆ గోడకు వీపు ఆనించి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చున్న షావుకారు గారి ఒక్కగానొక్క కూతురు కనకమ్మ దాని కింద చనిపోయింది. ఆమెది నా వయసే. నేను ఆమెను ఒక్కసారి కూడా చూడలేదు.

4. పంచనామా జరిగింది. అప్పటికే రాళ్లన్నిటినీ ఎవరికి చిక్కినవి వారు లాగి పారవేశారు. పిల్లను బయటికి తీయాలి కదా. ఏ రాయి ఏ వరసలోదో, పొడుగు రాళ్లు ఆ గోడలో ఉండెనో లేదో ఆ కుప్పను చూసి చెప్పగలవారు లేరు. అందువల్ల 'విపరీతమైన వాన వలన' అని రాసి ముగించారు. మా నాయన పేరు ఆ కాగితంలో లేదు. షావుకారు గారు కూడా ఆయనను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని మా అవ్వ, అనగా నా తల్లి, ఎన్నోసార్లు అన్నది. తిట్టిన మాట ఎప్పటికైనా పాతబడుతుందట. అనని మాట అట్లాగే ఉంటుందట.

ఆ గోడను పూడ్చి మూసిన రోజు మా నాయన పని మీద లేడని, మూయించినది మొగులప్ప అని మాత్రం నాకు తెలుసు. గోడ పడిన తరువాత నాయన మొగులప్పను మా ఇంటికి పిలిపించి, బడి సెలవుకు వచ్చి ఉన్న నా ముందరే అడిగాడు.

"పట్టురాళ్లు పెట్టినవా తమ్మీ?"

"పెట్టినమే కదన్నా."

"అన్ని వరసల్లనా?"

మొగులప్ప కండువా దులుపుకొని లేచాడు. "పడిపోయినంక అడిగితే నేనేం చెప్త అన్నా," అన్నాడు. తరువాత కొద్ది రోజులకే షాబాదు గనులకు పనికి పోయాడు. మళ్లీ మా ఊరికి రాలేదు.

అప్పటినుండి మా నాయనను ఎవరూ ఇల్లు కట్టడానికి పిలవలేదు. పిలిచినా ఆయన పోయేవాడు కాదు. చేలగట్లకు రాళ్లు పేర్చడం, బావి ఒరలు సవరించడం, ఇట్లాంటి పనులతో రోజులు గడిపాడు. ఎవరి ఇంట్లోకి పోయినా ముందు గోడ మీద అరచేయి ఆనించి చూస్తాడు. ఆ ఇంటివారికి అది నచ్చదు. అందువల్ల ఇప్పుడు ఎవరింటికీ పోవడం లేదు.

5. మా పాత మట్టిమిద్దె కూలిపోయేటట్లు ఉన్నందున కిందటి దీపావళి తరువాత దానిని విప్పి, అదే స్థలంలో రాతి ఇల్లు కట్టడం మొదలుపెట్టాడు. మేమందరం పక్కన జొన్నచొప్ప పందిరి వేసుకొని ఉంటున్నాము. నాలుగు వైపులా గోడలు నడుము ఎత్తు లేచాయి. అక్కడ ఆపాడు. సందును పూడ్చలేదు. పైనుండి వంగి చూస్తే అడుగు దాకా కనపడుతుంది. పట్టురాళ్లు ఒకదాని కింద ఒకటి నిచ్చెన మెట్లలాగా ఉంటాయి. ఒకరు వచ్చి చూసి, ఉన్నవి ఉన్నట్లు రాసి పెట్టేదాకా మూయనంటాడు.

బయటినుండి కూడా తెలియడానికని ప్రతి పట్టురాయి కొసకూ జాజుతో ఎర్రని చుక్క పెట్టాడు. గోడ నిండా చుక్కలు. ఊళ్లో దీనిని చూసి చంద్రప్ప గోడకు అమ్మవారు పోసిందన్నారు. నవ్వులాటకు అన్నారో, నిజంగా అన్నారో, ఒకనాటి ఉదయం లేచేసరికి గోడ అంచున వేపరెమ్మలు పెట్టి ఉన్నాయి. ఎవరు పెట్టారో తెలియదు. నాయన వాటిని తీసి మేకకు వేసి మళ్లీ గోడలో చేయి పెట్టాడు. రోజూ అట్లాగే సందులో రాళ్లను తడిమి చూస్తాడు. ఒక రాయి కదిలినట్లు అనుమానం వస్తే ఆ వరస అంతా విప్పి మళ్లీ పేరుస్తాడు. ఎదురింటి బీరన్న తాత పొద్దున్నే చుట్ట ముట్టించుకొని వచ్చి, "నాడి ఎట్లున్నది వైద్యుడా, బతుకుతదా?" అని అడిగి పోతాడు.

మా అవ్వ వెంకటమ్మ మొదట ఓర్చుకుంది. రోహిణి కార్తె దగ్గరపడినప్పటినుండి ఓర్చుకోవడం లేదు.

"సర్కారోళ్లు నీ గోడకు పెండ్లిచూపులకు వస్తరా?" అని అడిగింది ఒకరోజు, జొన్నరొట్టె తడుతూ. "మిరుగం వానలు వస్తున్నయి. గోడను మూస్తవా, మమ్ముల గోడల పెట్టి మూస్తవా?"

"ఒక్కరు చూడనియ్యి," అన్నాడు నాయన.

"నువ్వు చూస్తున్నవు, నేను చూస్తున్న, ఊరంత చూసి నవ్వుతున్నది. ఇంకెవరు చూడాలె?"

నాయన రొట్టె తిని మళ్లీ గోడ దగ్గరకు పోయాడు.

అవ్వ మాటలో న్యాయం ఉంది. రాళ్లను కూర్చినది మట్టితోనే. సందు తెరిచి ఉండగా పెద్ద వాన పడితే నీరు లోపల నిలిచి ఆ మట్టి కరిగిపోతుంది. రాళ్లు కుంగుతాయి. అప్పుడు మంచి గోడ కూడా చెడ్డ గోడ అవుతుంది. పోయిన వారం ఒక చిన్న వాన వచ్చింది. పందిరి మీది చొప్ప తీసి గోడ మీద కప్పి, మేము నలుగురం, అనగా నాయన, అవ్వ, నేను, మేక, చింతచెట్టు కింద తడిశాము.

6. ఈ నెల మొదట్లో నేనూ మా నాయనా కలిసి తమ ఆఫీసుకు వచ్చాము. తమరు క్యాంపులో లేరు. గుమాస్తా గారు మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్ తెప్పించారు. మా తాలూకా కన్నడపు గుల్బర్గా జిల్లాలో ఉన్ననాటి నుండి ఆయన అక్కడే ఉన్నారట. తెలుగు నిదానంగా చదువుతారు. విషయం అంతా విని, సర్కారు కట్టే ఇమారతు అయితేనే సర్కారు తనిఖీ చేస్తుందని, సొంత ఇంటికి అట్లాంటి కాయిదా కానూను లేదని చెప్పారు.

"మీ ఇంటికి మీరే సర్కారు. పోయి మంచిగ చూసుకోండ్రి," అన్నారు.

"నేను చూసుకున్న సారూ," అన్నాడు నాయన. "నేను చూస్తే గాదు."

గుమాస్తా గారు మంచివారు. జర ఆలోచించి ఒక దారి చెప్పారు. ఇల్లు పూర్తి చేసి, గోడలకు గిలాబు పూత చేసి, సున్నం కొట్టి దరఖాస్తు పెట్టుకుంటే, ఇల్లు నివాసానికి బాగున్నదని రాసి ఇప్పించడానికి ప్రయత్నం చేస్తానన్నారు.

"గిలాబు చేసినంక ఏం చూస్తరు సారూ? సున్నం తెల్లగున్నదా అని చూస్తరా?" అన్నాడు నాయన.

ఆయన కోపంతో అనలేదు. తెలియక అడిగినట్లే అడిగాడు. గుమాస్తా గారు చాయ్ గ్లాసు పక్కన పెట్టారు. తరువాత నా వైపు తిరిగి, "దొరగారికే రాయమ్మా. తేట తెలుగుల రాయి," అన్నారు. గుడి సంగతి ఆయనకు గుర్తున్నట్లుంది.

7. ఇప్పుడు రాయబోయేది అర్జీలో ఉండదగినదో కాదో నాకు తెలియదు. మా పాఠంలో ఇచ్చిన నమూనా అర్జీలో ఇట్లాంటిది లేదు.

మొన్న పొద్దెక్కిన తరువాత మా పందిరి ముందు ఒక ఎద్దుల బండి ఆగింది. అందులో నుండి అనసూయమ్మ గారు దిగారు. ఆమె షావుకారు గారి భార్య. చనిపోయిన కనకమ్మ తల్లి. కూతురు పోయినప్పటినుండి ఆమె వాకిలి దాటలేదని విన్నాము. చంద్రప్ప గోడ మూయకుండా మతి చెడి తిరుగుతున్నాడని ఎవరో చెప్పగా వచ్చారట.

నాయన చేతిలో సుత్తె ఉంది. దానిని కింద పెట్టాలని కూడా ఆయనకు తోచలేదు. అవ్వ మంచం వాల్చి, దాని మీద దుప్పటి పరిచింది. అనసూయమ్మ గారు కూర్చోలేదు. నేరుగా గోడ దగ్గరకు వచ్చి, అంచు పట్టుకొని, లోపలికి వంగి చూశారు.

"గీ ఎర్రచుక్క రాయి గా ముఖం దాక ఉన్నదా?"

"ఉన్నదమ్మా," అన్నాడు నాయన.

ఆమె గాజులు పైకి తోసుకొని, సందులోకి చేయి దించి, ఆ రాయిని ఈ కొస నుండి ఆ కొస దాకా తడిమారు. తరువాత దాని కింది రాయిని. తరువాత పక్కదానిని. అట్లా గోడ వెంట నడిచారు. మూల తిరిగి రెండవ గోడ చూశారు. నాలుగు గోడలూ చూశారు. బండివాడు ఎద్దులకు నీళ్లు పెట్టడం ఆపి చూస్తూ నిలబడ్డాడు. మోచేతి దాకా మట్టి అంటిన చేతిని కొంగుకు తుడుచుకోకుండా ఆమె నాయన ముందుకు వచ్చారు.

"గింత ఎరుక ఉన్నోనివి," అన్నారు. "మా ఇంట్ల ఎందుకు చూడలే చంద్రప్పా?"

ఈ రెండేళ్లలో మా నాయనను ఆ మాట పోలీసులు అడగలేదు. ఊరు అడగలేదు. షావుకారు గారు అడగలేదు. నేనూ అడగలేదు.

"మీ వంటింటి గోడ మూసినప్పుడు నేను లేనమ్మా," అన్నాడు నాయన. "పొద్దుగాల రైలుకు పోయి మూడోనాడు వచ్చిన. వచ్చేవరకు మూసిండ్రు. గిలాబు గూడ అయింది. పట్టురాళ్లు పెట్టిండ్రా అని అడిగిన. పెట్టినం అన్నరు. విప్పి చూడాల్సి ఉండె. ముహూర్తం దగ్గరున్నది, కట్టిన గోడ విప్పితే సావుకారి ఏమంటడో అనుకున్న. చూడలే."

"యాడికి పోయినవు?"

నాయన చేతిలోని సుత్తెను కింద పెట్టాడు. అవ్వ ఏదో చెప్పబోయి ఊరుకుంది. అనసూయమ్మ గారు మళ్లీ అడిగారు. అప్పుడు నాయన నా వైపు చూడకుండా చెప్పాడు.

"గీ పిల్లను వికారాబాద్ బడిల చేర్పియ్యవోయిన."

అయ్యా, ఆ దినాలు నాకు తెలుసు. నాయన నన్ను రైలెక్కించి తీసుకుపోయాడు. పెద్దసారు ఊళ్లో లేరంటే స్టేషనులో పడుకొని ఆగాడు. మర్నాడు పేరు రాయించి, హాస్టలులో దింపి, నా పెట్టె గొళ్లెం ఊడితే తాడుతో కట్టి ఇచ్చి పోయాడు. ఆడపిల్లకు చదువేమిటని ఊళ్లో అన్నవారికి ఆయన ఒక్కడే జవాబు చెప్పుకున్నాడు. నా బతుకులో అంతకంటె మంచి దినం లేదని నేను ఒక వ్యాసం రాశాను. మా తెలుగు పంతులుగారు బాగుందని దానిని తరగతిలో చదివించారు. ఆ గోడను ఆ దినాల్లోనే మూశారని మొన్నటిదాకా నాకు తెలియదు. తెలిసినవారు ఇద్దరు నాతోనే ఉన్నారు. ఇద్దరూ చెప్పలేదు.

అనసూయమ్మ గారు నన్ను చూశారు. చాలాసేపు చూశారు.

"ఏం చదువుతున్నవు?"

"పదో తరగతికి వచ్చినమ్మా."

ఆమె తల ఊపారు. కనకమ్మ కూడా తాండూరు బడిలో చదువుకునేదని, బతికి ఉంటే ఇప్పుడు అదే తరగతికి వచ్చేదని తరువాత అవ్వ చెప్పింది. అనసూయమ్మ గారు పోయి బండి ఎక్కి, ముందరి గూటపు కర్రను పట్టుకొని, ఒకసారి వెనుకకు తిరిగారు.

"మూసెయ్ చంద్రప్పా," అన్నారు. "వాన వస్తది. పిల్ల తడుస్తది."

8. ఆమె పోయిన తరువాత ఇక మూస్తాడనే మేము అనుకున్నాము. అవ్వ మట్టిని తడిపి కాళ్లతో తొక్కడం మొదలుపెట్టింది. నాయన మాత్రం సందులో ఒక గంపెడు మట్టి కూడా వేయలేదు. సుత్తెను పందిరిలో పెట్టి, గోడకు ఎదురుగా కూర్చున్నాడు.

"ఆమెనే వచ్చి చూసె. ఆమెనే మూయుమనె. ఇంక ఎవరు చూడాలె?" అని అవ్వ అడిగింది. ఈసారి ఎగతాళిగా అడగలేదు.

"ఆమె కండ్లల్ల గా పిల్ల ఉన్నది," అన్నాడు నాయన. "మన కండ్లల్ల గీ పిల్ల ఉన్నది. ఎవరి పిల్లా లేని కండ్లు చూడాలె."

అందువల్లనే తమను పిలుస్తున్నాము. తమకు మాతో ఏ సంబంధమూ లేదు. మేము తమకు చుట్టాలము కాము, శత్రువులము కాము. తమరు ఎండలో రావడం వల్ల చికాకు పడినా, గోడ చూసి తొందరగా పోవాలనుకున్నా మాకు అభ్యంతరం లేదు. చేయి పెట్టి చూస్తే చాలు. రాయి పొడుగుదైతే పొడుగుది అని, పొట్టిదైతే పొట్టిది అని, అసలు లేనిచోట లేదు అని రాయండి. చెడుగా రాసినా మా నాయన ఒప్పుకుంటాడు. ఆ వరస విప్పి మళ్లీ కట్టుకుంటాడు. ఇప్పుడైతే విప్పవచ్చును.

తనిఖీకి సౌకర్యంగా ఉంటుందని నాలుగు గోడల పటాలు గీసి, ఎర్రచుక్క ఉన్న ప్రతిచోటా గుర్తు పెట్టి దీనికి జతపరిచాను. నేను గీసినది కనుక దానిని నమ్మవద్దు. దానిని చేతిలో పట్టుకొని గోడను చూడండి. రెండూ కలవకపోతే గోడనే నమ్మండి.

కావున తమరు దయతో,

(అ) మిరుగం కార్తె ప్రవేశించకముందే ఒకనాడు బండమీదిపల్లెకు వచ్చి మా గోడల లోపలి భాగం చూడవలెను. తాండూరు స్టేషనుకు గాని, క్యాంపుకు గాని బండి కట్టించుకొని నేనే వస్తాను.

(ఆ) చూసినది కాగితం మీద రాసి, తమ సంతకం చేసి ఇవ్వవలెను. మాకు మంచి ఇల్లు అనే పొగడ్త అక్కరలేదు. ఈ తేదీన ఈ గోడ మూయకముందు చూశాను అనే మాట ఉంటే చాలు.

(ఇ) సొంత ఇళ్లకు తనిఖీ కాయిదా లేనందున, ఈ తాలూకాలో ఎవరు రాతి గోడ కట్టినా మూయడానికి ముందు ఆ ఇంటివారు కానివారు, కట్టినవారు కానివారు ఒకరు వచ్చి చూసి రాసేటట్లు పైవారికి తమరు ఒక మాట రాయవలెను. ఇంజనీర్లు చాలకపోతే చదువు వచ్చిన ఎవరైనా సరే. మా బడిలో ఇట్లాంటి పనికి రాగలవారు చాలామంది ఉన్నారు.

ముందరి అర్జీకి పట్టినంత కాలం దీనికి కూడా పడితే, ఇది తమ బల్ల మీదికి వచ్చేసరికి మా గోడలో నీళ్లుంటాయి. ఆ నీటిని కూడా రేపు ఎవరో 'విపరీతమైన వాన వలన' అని రాస్తారు. కాబట్టి తెరిచిన దినమే దీనిని చిత్తగించవలెనని పదే పదే ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
తమ విధేయురాలు,
సత్యమ్మ,
తండ్రి చంద్రప్ప

తా.క.

ఈ అర్జీకి శుద్ధప్రతి రాసి మా నాయనకు చదివి వినిపించాను. కింద వేలిముద్ర వేయవలసినది ఆయనే. గుడి సంగతికి కొంచెం నవ్వాడు. గుమాస్తా గారి చాయ్ సంగతి రాసినందుకు మంచిదన్నాడు. ఏడవ అంశంలో రైలు మాట రాగానే ఆపమన్నాడు.

"వికారాబాద్ ముచ్చట కొట్టెయ్ బిడ్డా," అన్నాడు. "ఏదో పని మీద పోయిండు అని రాయి. ఓవర్సియర్ సాబుకు గంతే చాలు. రేపు ఎవరన్న చదివి, గీ పిల్ల చదువుకే గా పిల్ల పోయింది అంటరు. తప్పు నాది. నీ చదువు మీదికి రానియ్యకు."

ఆ పంక్తులు ఉంటే వేలిముద్ర వేయనన్నాడు.

నేను కలం తీసుకున్నాను. ఎంతసేపు కూర్చున్నా కొట్టివేయలేకపోయాను. ఉన్నది ఉన్నట్లు రాయమని తమను అడుగుతున్నాను. నేను ఒకటి దాచి పంపితే, తమరు రాసి ఇచ్చే కాగితాన్ని మా నాయన చేతిలో ఎట్లా పెట్టగలను? కొట్టనని చెప్పాను. ఆయన కోప్పడలేదు. లేచి గోడ అవతలికి పోయాడు.

మా అవ్వ అంతా విన్నది. మట్టి తొక్కుతున్నది ఆపి పందిరిలోకి వచ్చింది. "ఏడ వెయ్యాలె?" అని అడిగింది. చూపించాను.

"రాసింది రాసినట్టే ఉండనియ్," అన్నది. "రెండేండ్లు ఆయనొక్కడే మోసిండు. ఇంక మనం గూడ మోస్తం."

నా సంతకం పక్కన ఉన్న వేలిముద్ర మా అవ్వ వెంకటమ్మది. చేతికి మట్టి ఉన్నందున గీతలు సరిగా పడలేదు. క్షమించవలెను.